నలుగురి కోసం ఒక సమీక్ష

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటాం. ఈ బ్యాండ్ విషయంలో పేరూ గొప్పే, ఊరూ గొప్పే. దిబ్బయింది ఊరి నుంచి రికార్డు బయటికి వెళ్లాల్సిన దారి. బ్యాండ్ పేరు బిగ్ స్టార్. 1972లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ పేరు నంబర్ వన్ రికార్డ్. ఊరు అమెరికాలోని మెంఫిస్. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఇంత ధాటీగా పేర్లు పెట్టుకుంటే పొగరనే అనుకుంటాం. నిజానికి బిగ్ స్టార్ అన్నది అక్కడ పచారీ సరుకులు అమ్మే సూపర్‌మార్కెట్ల పేరు. రికార్డింగ్ మధ్యలో చిరుతిళ్లకు వెళ్లే కొట్టు మీద ఆ బోర్డు ఉండేది, తెచ్చి తగిలించుకున్నారు. అట్ట మీద నియాన్ దీపాల నక్షత్రం, దాని కడుపులో 'బిగ్' అన్న ఒక్క మాట. 'స్టార్' కూడా రాస్తే కొట్టువాళ్ల గుర్తును ఎత్తుకొచ్చినట్టవుతుందని బొమ్మతోనే సరిపెట్టారు. ఉప్పూ పప్పూ అమ్మే అంగడి పేరుతో ఆకాశంలోకి చూడటం, పైగా ఎవరికీ తెలియని రికార్డుకు నంబర్ వన్ అని ముందే రాసేసుకోవడం! ఆ తుంటరితనం నాకిష్టం.

నేను సంగీతం గురించి పత్రికలకు అప్పుడప్పుడు రాస్తుంటాను. సినిమా పాటల గురించి రాయడంలో ఒక సుఖం ఉంది. పాఠకుడు మనకంటే ముందే పాట వినేసి ఉంటాడు. హీరో ఎవరో, రాసిందెవరో, పల్లవిలో ఏ మాట మీద గొడవ నడుస్తోందో అతనికి తెలుసు. మన వ్యాసం చదివేది ఔననడానికో, తిట్టుకోవడానికో. ఎవరూ పేరు వినని గిటార్ బ్యాండ్ తొలి ఆల్బమ్ అలా కాదు. పాఠకుడు వినలేదు, బహుశా వినడు కూడా. మరి ఎవరి కోసం రాస్తున్నట్టు? ఈ ప్రశ్న ఎదురైనప్పుడల్లా బిగ్ స్టార్ గుర్తొస్తుంది. రాసేవాళ్లంతా మెచ్చుకున్నా ఒక రికార్డుకు ఏమీ ఒరగకపోవడం, ఆ ఒరగకపోవడం వెనకే బోలెడు జరిగిపోవడం, రెండూ ఆ కథలో ఉన్నాయి.

మెంఫిస్ అనగానే అందరూ ఎల్విస్ ప్రెస్లీ అంటారు. ఆ రోజుల్లో మాత్రం అది స్టాక్స్ రికార్డ్స్ ఊరు. ఓటిస్ రెడ్డింగ్, ఐజాక్ హేస్ వంటి నల్లజాతి గాయకుల సోల్ సంగీతం అక్కణ్ణుంచే దేశమంతా పాకింది. అలాంటి చోట నలుగురు తెల్ల కుర్రాళ్లు బీటిల్స్‌నీ కింక్స్‌నీ విని విని, వాళ్లలా మూడు నిమిషాల్లో ముగిసే ముద్దయిన పాటలు కట్టాలనుకున్నారు. అప్పటికి బీటిల్స్ విడిపోయి రెండేళ్లు. రాక్ పాటలు పొడుగెక్కి, గిటార్ సోలోలు ఎప్పుడు అయిపోతాయో తెలియని కాలం. అంటే వీళ్లు ఊరికీ పొసగలేదు, కాలానికీ పొసగలేదు.

ఊళ్లో వీళ్లకు దొరికిన అదృష్టం జాన్ ఫ్రై. ఆర్డెంట్ స్టూడియో అధిపతి, స్వయానా సౌండ్ ఇంజనీరు. స్టాక్స్ వాళ్ల పాటలూ ఆయన దగ్గర రికార్డయ్యేవి. పిల్లలకు యంత్రాలు వాడటం తానే నేర్పి, పగటి గిరాకీ అయిపోయాక స్టూడియోను వాళ్లకు వదిలేసేవాడు. రాత్రంతా వాళ్ల ఇష్టం. కొత్త బ్యాండ్ల తొలి రికార్డులు సాధారణంగా కంగారుగా వినిపిస్తాయి. గంటకింతని అద్దె కట్టి, గడియారం చూస్తూ వాయించిన వాసన వాటిలో ఉంటుంది. ఈ రికార్డులో ఆ కంగారు లేదు.

బ్యాండ్‌ను కూడగట్టింది క్రిస్ బెల్. గిటారు, సన్నటి పైస్థాయి గొంతు, మిక్సింగ్ బల్ల ముందు తెల్లవార్లూ కూర్చునే మొండితనం అతని ఆస్తి. ఆండీ హమెల్ బేస్ గిటారు, జోడీ స్టీఫెన్స్ డ్రమ్స్. నాలుగోవాడుగా వచ్చి చేరినవాడు అలెక్స్ చిల్టన్. మిగతా ముగ్గురి పేర్లూ మెంఫిస్ దాటి ఎవరికీ తెలియవు. చిల్టన్ పేరు మాత్రం తెలుసు. 1967లో బాక్స్ టాప్స్ అనే బ్యాండ్‌తో 'ది లెటర్' పాడి, దాన్ని అమెరికా పట్టికలో మొదటి స్థానంలో కూర్చోబెట్టినప్పుడు అతనికి 16 ఏళ్లు. రెండు నిమిషాలైనా లేని పాట అది. అందులో అతని గొంతు నలభై ఏళ్లవాడి గొంతులా గరగరలాడుతుంది. బిగ్ స్టార్‌కి వచ్చేసరికి ఆ గరగర వదిలేసి, తన వయసుకు తగ్గ లేతగొంతుతో పాడాడు. బెల్, చిల్టన్ ఇద్దరూ బీటిల్స్‌లోని లెనన్, మెకార్ట్నీల పద్ధతిలో పాటల కింద జంటపేర్లు వేసుకున్నారు. ఎవరు ఏ పాట కట్టినా ఇద్దరిదీ అన్నట్టు.

ఇక రికార్డు. మొదటి పాట 'ఫీల్'. బెల్ గొంతు చిరిగిపోతుందేమో అన్నంత పైకెళ్లి అరుస్తుంది. వెంటనే రెండో పాట 'ది బాలడ్ ఆఫ్ ఎల్ గుడో'లో చిల్టన్ నిదానంగా, మొండిగా, ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలోకి రానని భీష్మించుకున్న కుర్రాడి పాటగా చాలామంది దాన్ని విన్నారు. అది తెలియకపోయినా పాటలో లోటేం ఉండదు. కోరస్‌లో గొంతులు ఒకదాని మీదొకటి పేరుకుంటూ పోయి, ఇక పై మెట్టు లేదనుకున్నచోట స్టీఫెన్స్ డ్రమ్స్ ఇంకో మెట్టు వేస్తాయి. 'ఇన్ ద స్ట్రీట్' పని లేని సాయంత్రం కారులో వీధులు కొలిచే కుర్రాళ్ల పాట. ఇది ప్రధానంగా చిల్టన్ కట్టింది, పాడింది మాత్రం బెల్. ఈ సంగతి గుర్తుంచుకోండి, పనికొస్తుంది. నాలుగో పాట 'థర్టీన్'లో డ్రమ్స్ లేవు. కరెంటు లేని గిటార్లు, గొంతులు, అంతే. పదమూడేళ్ల పిల్లాడు పిల్లను బడి నుంచి ఇంటిదాకా సాగనంపనా అని అడుగుతాడు. పెద్దవాళ్లు పిల్లల ప్రేమ గురించి పాడినప్పుడు ఎక్కడో ఒకచోట కన్నుగీటుతారు. ఇందులో ఎక్కడా కన్నుగీటడం లేదు. అందుకే అది ఎన్నిసార్లు విన్నా వెగటు పుట్టదు.

గిటార్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ రికార్డులో ముందు చెవిన పడేవి అవే. ఒక ఎలక్ట్రిక్ గిటారు స్వరాలను విడివిడిగా మీటుతుంటే, వెనక అకూస్టిక్ గిటారు తాళానికి రాసుకుంటూ పోతుంది. ఫ్రై ఆ రెంటినీ కలగాపులగం కానివ్వడు. తీగకు ప్లెక్ట్రమ్ తగిలిన చప్పుడు కూడా విడిగా వినిపిస్తుంది. రాగం, సాహిత్యం చూసి పాటకు విలువ కట్టడం అలవాటైన మనకు ఇలాంటి పాట మొదట చేతికి చిక్కదు. రాగమంటూ పెద్దగా లేదు, మాటలు మామూలువి. ఉన్నదల్లా ఒక తీగల సమూహం గదిలో ఎలా మోగింది, ఎంతసేపు మోగి ఆగింది అన్నదే. అది వినడానికి నాకు కొంతకాలం పట్టింది. పట్టాక, దాన్ని కాగితం మీద పెట్టడం ఇంకా కష్టమని తెలిసింది.

ఆ కష్టం తప్పించుకోవడానికే సమీక్షకులు పోలికలు పట్టుకుంటారు. పుట్టిన బిడ్డను చూడగానే మేనమామ నుదురు, నాయనమ్మ ముక్కు అంటాం కదా, కొత్త బ్యాండ్ కనబడగానే ఇది బీటిల్స్, అది బర్డ్స్ అంటారు. నేనూ అంటాను. ఈ వ్యాసంలోనే అన్నాను. అందులో తప్పేం లేదు, తెలియనివాడికి దారి చెప్పాలంటే తెలిసిన సెంటరు పేరే చెప్పాలి. కాకపోతే బిడ్డకు తనదంటూ ఒక ముఖం ఉంటుంది. బిగ్ స్టార్ పాటల్లో ఆ ముఖం ఒక రకమైన బెంగ. బీటిల్స్ అంత హుషారైన శ్రుతులు పాడుతూనే, ఈ హుషారు ఎక్కువసేపు ఉండదని తెలిసినట్టు వాయిస్తారు. రెండోవైపున బెల్ పాడిన 'ట్రై ఎగైన్' వినండి. దేవుడా, ప్రయత్నిస్తూనే ఉన్నాను అని మొరపెట్టుకునే పాట. అది ఎవరి పోలికా కాదు.

తెలుగువాడిగా ఈ రికార్డులో నేను ముసిముసిగా నవ్వుకునే చోటు ఒకటుంది. మొదటివైపు చివరన 'ది ఇండియా సాంగ్'. రాసింది బేస్ వాయించే హమెల్. మెంఫిస్ కుర్రాడు ఇండియా వెళ్లి స్థిరపడిపోతే ఎంత హాయిగా ఉంటుందో కలగంటాడు. వెనక వేణువులాంటి శబ్దం. అతని కలలోని ఇండియాలో ఉక్కపోత లేదు, రేషన్ క్యూ లేదు, 1972లో ఇక్కడ జనం పడుతున్న కరవు పాట్లు లేవు. తెల్లదొర వరండాలో చెట్టునీడన చల్లటి పానీయం తాగుతున్న ఇండియా అది. కోపం రాదు. ఆ వయసులో మనమూ చూడని దేశాల గురించి ఇంతకంటే తెలివిగా ఏమీ కలగనలేదు. కానీ ఆల్బమ్‌లో అదే బలహీనమైన పాట, ఆ మాట చెప్పడానికి ఇండియావాడు కానవసరం లేదు.

రికార్డు బయటికొచ్చింది. బిల్‌బోర్డ్, క్యాష్‌బాక్స్ వంటి వ్యాపార పత్రికలు మెచ్చుకున్నాయి. రోలింగ్ స్టోన్ మెచ్చుకుంది. ఇంకేం, కొనడమే తరువాయి. మన పత్రికల్లో పుస్తక సమీక్ష చివర 'ప్రతులకు' అని ఒక పంక్తి ఉంటుంది, వెలతో సహా. పై వ్యాసం ఎంత గొప్పగా ఉన్నా పుస్తకం ఇంటికొచ్చేది ఆ పంక్తి వల్లే. బిగ్ స్టార్‌కు లేనిది ఆ పంక్తే. ఆర్డెంట్ సొంతంగా వేసే రికార్డులను కొట్లకు చేర్చే పని స్టాక్స్‌ది. సోల్ సంగీతం అమ్మే కొట్లు వాళ్లకు కొట్టినపిండి. గిటార్ రాక్ కొనే కుర్రాళ్లు తిరిగే కొట్లు వాళ్ల దారిలో లేవు. ఆపైన స్టాక్స్ తన పంపిణీని కొలంబియా అనే పెద్ద కంపెనీకి అప్పజెప్పింది. ఇక దశ తిరిగిందనుకున్నారు. కానీ కొలంబియాకు పాత పంపిణీదారులతో పని లేదు. అప్పటికి కొట్లలో ఉన్న కాసిని కాపీలు కూడా వెనక్కి వచ్చేశాయి. ఆ ఒప్పందం కుదిర్చిన కొలంబియా అధిపతి క్లైవ్ డేవిస్ ఉద్యోగమే 1973లో ఊడింది. అంతా కలిపి అమ్ముడైనవి 10,000 కాపీల లోపే. రేడియోలో పాట విని, పత్రికలో చదివి కొట్టుకు వెళ్లినవాడు ఖాళీ చేతులతో ఇంటికి రావడం ఎలా ఉంటుందో ఊహించండి. రెండోసారి అతను వెళ్లడు.

అంటే ఆ సమీక్షలు కొనేవాళ్లకు చేరినా ఒకటే, చేరకపోయినా ఒకటే. కానీ నలుగురికి మాత్రం చేరాయి. ఆ నలుగురూ వాటిని మళ్లీ మళ్లీ చదివి ఉంటారు.

ఈ మధ్య హైదరాబాద్ కుర్రాళ్ల బ్యాండ్ ఒకటి తాము సొంతంగా రికార్డు చేసిన పాటలు నాకు పంపింది. నేనింకా ఏమీ రాయకముందే వాళ్లలో ఒకడు ఫోన్ చేశాడు. బాగున్నాయా అని అడగలేదు. ఎన్ని మార్కులేస్తారనీ అడగలేదు. "అన్నా, రెండో పాటల సోలోకి ముందు ఒక్క సెకను అందరం ఆపినం. వినపడ్డదా?" అన్నాడు. వినపడిందన్నాను. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత, ఆ ఒక్క సెకను ఉంచాలా తీసెయ్యాలా అని వాళ్లలో వాళ్లు ఎంతగా కొట్టుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పాడు. తెలియని బ్యాండ్‌కు సమీక్షలో కావలసింది ఏమిటో నాకు ఆ ఫోన్‌లో అర్థమైనంతగా ఏ విమర్శ గ్రంథంలోనూ అర్థం కాలేదు. ప్రశంస సంగతి తర్వాత. వాళ్లు కష్టపడి పెట్టింది ఇంకొకడి చెవిన పడిందా అన్నది ముందు.

1972లో బెల్‌కు దక్కనిది అదే. రాసినవాళ్లు దుర్మార్గులు కారు. పైగా మంచి చెవులున్నవాళ్లు. కానీ నలుగురు అపరిచితుల గురించి రాయాల్సివచ్చినప్పుడు చేతికి దొరికే కొమ్మ తెలిసిన పేరే. 'ది లెటర్' పాడిన చిల్టన్ కొత్త బ్యాండ్ అంటే పాఠకుడు ఒక్క క్షణం ఆగుతాడు. క్రిస్ బెల్ బ్యాండ్ అంటే పేజీ తిప్పేస్తాడు. పాఠకుడి కోసం చేసిన ఆ చిన్న సర్దుబాటు పాఠకుణ్ణి చేరలేదు, బెల్‌ను మాత్రం తిన్నగా తాకింది. తాను పునాది వేసిన బ్యాండ్‌ను పత్రికలు చిల్టన్ బ్యాండ్‌గా చూడటం అతణ్ణి కుంగదీసిందని ఆ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. రికార్డు అమ్ముడుపోకపోవడం ఒకవైపు, ఇది మరోవైపు. 1972 చివరికల్లా అతను బ్యాండ్ వదిలేశాడు. ఒక్క కాపీ కూడా అదనంగా అమ్మించలేని వాక్యాలకు మనిషి మనసు విరిచే శక్తి ఉండటం నాకు భయంగా ఉంటుంది. రాసేటప్పుడు ఆ భయం ఉండటం మంచిదే.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ బ్యాండ్‌ను మళ్లీ లేపింది కూడా సమీక్షకులే. 1973 మే నెలలో ఆర్డెంట్ తరఫున జాన్ కింగ్ దేశం నలుమూలల నుంచి రాక్ సంగీతం మీద రాసేవాళ్లను మెంఫిస్‌కు రప్పించాడు. పైకి చెప్పిన కారణం రాక్ రచయితలకు ఒక సంఘం పెట్టడం. అసలు కారణం తమ బ్యాండ్‌లను వాళ్ల ముందు వాయింపించడం. నూరుమందికి పైగా వచ్చారు, పేరుమోసిన విమర్శకుడు లెస్టర్ బాంగ్స్ అంతటివాడితో సహా. రాసేవాళ్లు నలుగురు కలిసి సంఘం పెడితే ఏమవుతుందో తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. సంఘం సంగతి అలా ఉంచితే, రాత్రి చిల్టన్, హమెల్, స్టీఫెన్స్ ముగ్గురే వేదికెక్కి వాయించారు. గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడటం తప్ప కదలని విమర్శకులు ఆ రాత్రి నాట్యం చేశారట. రికార్డు దొరకని దేశంలో దాన్ని విన్నవాళ్లంతా ఒకే గదిలో ఉన్నట్టు! ఆ ఊపుతోనే ముగ్గురూ మళ్లీ స్టూడియోకు వెళ్లారు. 1974లో రెండో ఆల్బమ్ 'రేడియో సిటీ' వచ్చింది. అదీ మెప్పు పొందింది, అదీ కొట్లకు చేరలేదు. ఆ వేదిక మీద బెల్ లేడు.

తర్వాతి కథ అందరికీ తెలిసిన కథ అయిపోయింది, అదే నాకు చిక్కు. 1978లో ఇంగ్లండ్‌లో రెండు ఆల్బమ్‌లనూ కలిపి మళ్లీ వేశారు. ఆర్.ఇ.ఎం. వంటి బ్యాండ్‌లు వీళ్లు మా గురువులన్నారు. ద రీప్లేస్‌మెంట్స్ 1987లో చిల్టన్ పేరు మీదే పాట కట్టింది. 'ఇన్ ద స్ట్రీట్' ఒక టీవీ హాస్య ధారావాహికకు శీర్షిక గీతమైంది, వేరేవాళ్ల గొంతుతో. దానికి తనకు ఒక్కో ప్రసారానికి 70 డాలర్లు ముడుతున్నాయని చిల్టన్ నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆ ఇంగ్లండ్ రికార్డు తర్వాతివేవీ బెల్ చూడలేదు. తండ్రి రెస్టారెంట్ వ్యాపారంలో పని చేస్తూ, సొంత పాటలు కూడబెట్టుకుంటూ, 1978 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో 27 ఏళ్లకే పోయాడు. అతని ఆల్బమ్ వెలుగు చూసింది 1992లో.

ఇప్పుడు నంబర్ వన్ రికార్డ్ పెట్టుకుంటే ఈ కథంతా ముందే చెవిలో చేరి కూర్చుంటుంది. బెల్ అరుపు వినగానే కారు గుర్తొస్తుంది. 'ట్రై ఎగైన్' మరణవాంగ్మూలంలా వినిపిస్తుంది. రాసినప్పుడు అది సగటు ఇరవయ్యేళ్ల భక్తుడి దిగులు మాత్రమే. ఓడిపోయిన ప్రతిభ అంటే మనకు మోజు. ఎవరూ గుర్తించనివాణ్ణి ఆలస్యంగా గుర్తించడంలో, ఆ రోజుల్లో మనముంటే కొనేవాళ్లమన్న ఉచిత గర్వం ఉంది. బహుశా చిల్టన్‌ను చికాకుపెట్టింది ఇదే. బిగ్ స్టార్‌ను అతిగా మోస్తున్నారని అతను చాలాసార్లు అన్నాడు. అతని మాటను వినయమనో విసుగనో కొట్టిపారేస్తారు. నేను మాత్రం సగం నమ్ముతాను. ఇది లోపాలున్న మంచి తొలి ఆల్బమ్. గాథ పక్కనబెడితేనే ఎంత మంచిదో తెలుస్తుంది. ఆ పని 1972లో రాసినవాడికి తేలిక, ఎందుకంటే ముందు ఏం జరగబోతుందో అతనికి తెలియదు. అతను మెచ్చుకుంటే దానికి వెనక ఏ ఆధారమూ లేదు, తన రెండు చెవులు తప్ప. మన పొగడ్తకు ఇన్నేళ్ల సాక్ష్యం తోడుంది. అతనిదే ఎక్కువ ధైర్యం.

ఆ ఏడాది ఆ రికార్డు నా బల్ల మీదికి వచ్చి ఉంటే ఏం రాసేవాణ్ణా అని ఆలోచిస్తుంటాను. 'ది లెటర్' ఊసు ఎక్కడో మధ్యలో, ఒక్కసారి. మొదటి వాక్యం 'ఫీల్' పాడినవాడి గురించి, పేరుతో సహా. ఆ పాట మధ్యలో ఊడిపడ్డ శాక్సఫోన్లు స్టాక్స్ ఇంటి నుంచి అరువుకొచ్చినట్టున్నాయని రాసేవాణ్ణి. అది మెప్పో విసురో నాకే తేలలేదు. 'ఇన్ ద స్ట్రీట్'లో గిటారు అందుకున్న తీరు, 'ఎల్ గుడో'లో డ్రమ్స్ వేసిన పై మెట్టు, 'ట్రై ఎగైన్'లో బెల్ గొంతు తగ్గిన చోటు, ఇవి పేరుపేరునా చెప్పేవాణ్ణి. ఇండియా పాట తీసేసినా నష్టం లేదనేవాణ్ణి, హమెల్ మరోలా అనుకున్నా సరే. ఆఖర్న 'ఎస్‌టీ 100/6' అనే అర్థంకాని పేరుతో నిమిషం పాటి ముక్క ఒకటుంది. మొదలయ్యీ కాకముందే అయిపోతుంది. అది అక్కడెందుకు పెట్టారో ఎంత విన్నా బోధపడలేదని కూడా రాసి, ఆ వాక్యం కొట్టేయకుండానే అచ్చుకు పంపేవాణ్ణి.